గోడ మీది స్విచ్చి

చీకటి పడగానే లైటు వేసుకోవడం కూడా ఒక సమస్యేనా అని మీకు నవ్వు రావచ్చు. పోయినేడాది వేసవి దాకా నేనూ నవ్వేదాన్నే. ఇల్లన్నాక పాల లెక్క గొడవ, పనిమనిషి నాగాల గొడవ, నీళ్ళ గొడవ, ఇవన్నీ మామూలే. గోడ మీది స్విచ్చి దగ్గర ఒక సంసారం రెండు పక్షాలుగా చీలిపోతుందని ఎవరనుకుంటారు?

మాది రాజమండ్రిలో మా మామగారు 1962లో కట్టించిన డాబా ఇల్లు. గోడల మీద టేకు బద్దలు కొట్టి, వాటి మీద వైర్లు పరిచి క్లిప్పులతో బిగించి, గదికొక చెక్క బోర్డు పెట్టించారు. ఆ బోర్డు మీద గోధుమరంగు గుండ్రటి స్విచ్చిలు. వేలితో నొక్కితే లొంగేవి కావు, కాస్త బలం పెట్టి కిందికి లాగాలి. "టక్" మని పక్క గదిలోకి వినపడేటంత చప్పుడు. హాల్లోనూ వంటింట్లోనూ తర్వాతెప్పుడో తెల్లటి పియానో స్విచ్చిలు వచ్చాయి గానీ, అత్తగారి గదిలో మాత్రం ఆ పాతది అలాగే వుండిపోయింది.

పోయినేడు రంగులు వేయిద్దామని బద్దలు వూడదీయిస్తే వైర్ల మీది తొడుగు బిస్కట్టులా రాలిపోతోంది. "ఇన్నాళ్ళూ ఇల్లు అంటుకోకపోవడం మీ అదృష్టం అమ్మగారూ" అన్నాడు కరెంటు పని చేసే అబ్బాయి. వైరింగు మొత్తం మార్చక తప్పదని తేలింది. ఆ రాత్రే డల్లాస్‌లో వుండే మా అబ్బాయి వీడియోలో కనిపించి, "ఎలాగూ మారుస్తున్నారు కదమ్మా, స్మార్టు లైట్లు పెట్టించెయ్యి. ఫోనులోంచి వేసుకోవచ్చు, నోటితో చెప్పినా వెలుగుతాయి. మామ్మ మంచం దిగక్కర్లేదు" అన్నాడు.

"నా స్విచ్చి జోలికి ఎవరూ రావద్దు" అన్నారు మా అత్తగారు, పక్కనుంచి. ఆవిడకి ఎనభై ఏడు. చెవులు మాత్రం మా అందరికంటే చురుకు.

మా వారు ఎప్పటిలాగే రెండు పక్షాలకీ తల వూపి పేపరు తీసుకున్నారు.

నేను ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. ఏ వస్తువు విషయం తేల్చుకోవాలన్నా దాని పుట్టుపూర్వోత్తరాలు చూస్తే గానీ నాకు తోచదు. చీర కొనడానికి వెళ్ళి మగ్గం సంగతి అడిగే రకం, ఏం చెయ్యను! అలా మొదలుపెట్టి చదువుతూ పోతే తెలిసిందేమిటంటే, కరెంటు దీపం కంటే స్విచ్చి చిన్నది. దీపం పుట్టిన కొన్నేళ్ళకి గానీ దాన్ని ఆర్పి వెలిగించే సరైన సాధనం పుట్టలేదు.

ఎడిసన్ పేరు మనందరికీ తెలుసు. ఇంగ్లండులో న్యూకాసిల్ వూళ్ళో జోసెఫ్ స్వాన్ అనే ఆయన కూడా అదే కాలంలో, 1878–79 ప్రాంతంలో, గాజు బుడ్డిలో సన్నటి కార్బన్ పోగు వెలిగించి జనానికి చూపించాడు. ఆయన స్నేహితుడు విలియం ఆర్మ్‌స్ట్రాంగ్. ఫిరంగులు చేసి కోట్లు గడించినవాడు. ఆయనకి కొండల్లో క్రాగ్‌సైడ్ అని ఒక పెద్ద భవంతి వుండేది. తోటలో పారే నీళ్ళకి కట్టలు కట్టి, ఆ నీళ్ళతో యంత్రం తిప్పి, 1880లో ఆ ఇంట్లో స్వాన్ దీపాలు పెట్టాడు. మొత్తం నలభై అయిదు దీపాలట. కరెంటును ఒక గది నుంచి ఇంకో గదికి మళ్ళించుకునేవాడు కాబట్టి ఒక్కసారిగా ముప్ఫై ఏడుకి మించి వెలగనవసరం లేకపోయేదట. కోట్లు గడించినవాడి ఇంట్లోనూ ఈ లెక్క వుంది చూడండి. "గదిలో ఎవరూ లేనప్పుడు లైటెందుకే" అని అరిచే మా అత్తగారు ఆ భవంతిలో చక్కగా ఇమిడిపోయేవారు.

ఆ ఇంటి గ్రంథాలయంలో దీపాలు వేసే పద్ధతి చదివి నేను రెండు నిమిషాలు ఆగిపోయాను. అక్కడ పూలకుండీల్లాంటి కూజాల మీద దీపాలు అమర్చారు. కూజా పెట్టే పీటలో పాదరసం పోశారు. కూజా తెచ్చి పీట మీద పెడితే దాని అడుగు పాదరసంలో మునిగి కరెంటు కలిసి దీపం వెలుగుతుంది. ఆర్పాలంటే కూజా ఎత్తెయ్యడమే. అంటే దీపాన్నే చేత్తో పట్టుకుని ఎత్తడం, దించడం. పాదరసం ఆవిరి ఎంత చెడ్డదో మనకిప్పుడు తెలుసు. అప్పట్లో పుస్తకాల గదిలో, చదువుకునే కుర్చీ పక్కన గిన్నెలో పోసి పెట్టుకున్నారు!

మరి గోడకి ఒక మీట పెట్టుకోవచ్చు కదా అంటే, అక్కడే వుంది చిక్కు. ఇస్త్రీపెట్టె వేడిగా వుండగా స్విచ్చి తియ్యకుండా ప్లగ్గు లాగి చూశారా ఎప్పుడైనా? నీలంగా ఒక మెరుపు మెరుస్తుంది. కరెంటు పారుతున్న రెండు లోహపు ముక్కల్ని విడదీస్తే, ఆ సందులోని గాలిలోంచి కూడా అది దూకాలని చూస్తుంది. మెల్లగా విడదీసినకొద్దీ ఎక్కువసేపు దూకుతుంది, ముక్కల్ని మాడ్చేస్తుంది. ఇప్పుడు మన ఇళ్ళకొచ్చే కరెంటు సెకనుకి వందసార్లు సున్నా అవుతుంది కాబట్టి ఆ మెరుపు దానంతటది చల్లారుతుంది. ఆ తొలి రోజుల్లో ఎక్కువ ఇళ్ళలో వుండేది ఒకే దిక్కుగా పారే కరెంటు. దాని మెరుపు అంత తేలిగ్గా చావదు. మెల్లగా, సుతారంగా మీట తిప్పే మనిషి చేతిలో స్విచ్చి మాడి మసైపోయేది.

దీనికి విరుగుడు కనిపెట్టినవాడూ న్యూకాసిల్ వాడే, జాన్ హెన్రీ హోమ్స్. 1884లో ఆయన చేసిన స్విచ్చిలో ఒక స్ప్రింగు వుంది. మనం మీట ఎంత నెమ్మదిగా కదిపినా, ఒక హద్దు దాటగానే స్ప్రింగు తన బలంతో ముక్కల్ని చటుక్కున లాగేస్తుంది. నొక్కేవాడి చెయ్యి వణికినా, నీరసంగా వున్నా, మొరటుగా వున్నా లోపల పని మాత్రం ఒకే వేగంతో జరుగుతుంది. మా అత్తగారి స్విచ్చి చేసే ఆ "టక్" చప్పుడు అదే. నూట నలభై ఏళ్ళయినా ఆ కిటుకు మారలేదు. మీ ఇంట్లో ఎంత నాజూకు స్విచ్చి వున్నా, విప్పి చూస్తే లోపల ఆ స్ప్రింగు పని తాలూకు సంతానమే కనిపిస్తుంది. (విప్పేముందు మెయిను తీసెయ్యండి.)

సరే, స్విచ్చి వచ్చింది. ముట్టుకునే ధైర్యం రావాలి కదా! 1891లో అమెరికా అధ్యక్షుడి భవనానికి కరెంటు పెట్టారు. అప్పటి అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్, ఆయన భార్య కెరొలీన్ ఆ స్విచ్చిలు ముట్టుకోవడానికి భయపడ్డారట. షాకు కొడుతుందని. పనివాళ్ళు వచ్చి వెయ్యాలి, పనివాళ్ళు వచ్చి తియ్యాలి. సాయంకాలం వేసిన దీపాలు తెల్లారి మనిషి వచ్చే దాకా అలా వెలుగుతూనే వుండేవట. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1883లో, న్యూయార్కులో ఆలిస్ వాండర్‌బిల్ట్ అనే కోటీశ్వరురాలు ఒక విందుకి "కరెంటు దీపం" వేషం కట్టుకుని వెళ్ళింది. గౌనులో బ్యాటరీ దాచుకుని, ఎత్తిన చేతిలో దీపం వెలిగించుకుంటూ. ఒంటి మీద కరెంటు కట్టుకున్న ధైర్యవంతురాలు ఒకరు, గోడ మీది స్విచ్చికి దూరంగా నిలబడ్డవారు మరొకరు. ఆడవాళ్ళందరూ ఒకటే అనేవాళ్ళు గమనించగలరు.

ఆ రోజుల్లో హోటలు గదుల్లో చిన్న బోర్డులు తగిలించేవారు. ఈ గదిలో వున్నది ఎడిసన్ దీపం, దీన్ని అగ్గిపుల్లతో వెలిగించబోకండి, తలుపు దగ్గర గోడకున్న మీట తిప్పండి, అని. కరెంటు దీపం వల్ల ఆరోగ్యానికి గానీ నిద్రకి గానీ భంగం రాదు అని కూడా రాశారు. రాత్రి పొద్దుపోయే దాకా ప్రకాశంగా వెలిగే దీపాలు నిద్రని చెడగొడతాయని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. బోర్డు రాసినవాడికి అదేం తెలుసు పాపం.

అధ్యక్షుడి భార్య సంగతి చదివి నేను నవ్వుతుంటే, "మీ మామగారి అమ్మ కూడా అంతేనే" అన్నారు అత్తగారు. 1962లో ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో ఆ పెద్దావిడ మడి కట్టుకుని వున్నప్పుడు స్విచ్చి ముట్టుకునేవారు కాదట. ఆ తీగ వూళ్ళో అందరి ఇళ్ళల్లోంచీ తిరిగి వస్తుంది కాబట్టి మైల అని. మరి చీకట్లో వంటెలా? కవ్వం కర్రతో స్విచ్చిని కిందికి లాగేవారట. మడీ దక్కింది, దీపమూ దక్కింది. ఎండిన కర్రతో ముట్టుకోవడం సైన్సు ప్రకారం క్షేమమే గానీ, ఆవిడ లెక్క మాత్రం వేరు.

మన దేశంలో కలకత్తాలో 1879 జులైలోనే కరెంటు దీపం వెలిగించి చూపించారు. ఇళ్ళకి కంపెనీ కరెంటు అందడం మాత్రం 1899లో మొదలైంది. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిజాం కట్టించిన కరెంటు కేంద్రం 1920లో పని మొదలుపెట్టింది. ఇప్పుడా కట్టడం లేదు. మన ఉత్తర కోస్తాకి పెద్ద దన్ను ఒరిస్సా సరిహద్దులోని మాచ్‌ఖండ్. అది 1955లో మొదలైంది. సరిగ్గా ఆ యేడే మా అత్తగారికి పెళ్ళయింది. మాచ్‌ఖండ్ అనగానే ఆవిడ "మాకేం ఒరిగింది, మా అత్తారి పల్లెకి ఎప్పటికో గాని రాలేదు" అన్నారు. ఆ తర్వాత చెప్పిన మాటలు నేను ఆవిడ నోట ఎన్నడూ వినలేదు.

పదిహేడేళ్ళ కోడలు. రోజూ నాలుగింటికల్లా లాంతర్లు ఆరూ వీధరుగు మీద పెట్టుకుని కూర్చోవాలి. ముందు వత్తి కత్తిరించాలి. వంకరగా కత్తిరిస్తే మంట కొమ్ములు సాచి చిమ్నీ నల్లబడుతుంది. చిమ్నీలు బూడిదతో తోమి, మెత్తటి గుడ్డతో తుడవాలి. లోపలికి చెయ్యి పట్టాలంటే సన్న చెయ్యే కావాలి. కాబట్టి ఆ పని కోడలిదే. ఒకసారి చిమ్నీ లోపలే పగిలి చూపుడువేలు తెగిందట. రక్తం కారుతుంటే వేలు నోట్లో పెట్టుకుని మిగతావి తుడిచారట, ఎందుకంటే చీకటి పడిపోతోంది, మామగారు సంధ్యావందనం నుంచి లేచేసరికి దీపాలు లేకపోతే మాట పడాలి. పగిలిన చిమ్నీ ఖరీదు గురించి నెల రోజులు విన్నారు, వేలి గురించి ఎవరూ అడగలేదు. ఆ మచ్చ ఇప్పటికీ వుంది. నాకు చూపించారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నేను ఆ వేలు వంక చూడలేదు.

"ఈ ఇంట్లోకి వచ్చిన రోజు మీ మామగారు నన్ను పిలిచి, నువ్వే వెయ్యి అన్నారు. వేశాను. ఆ పూటతో నా చేతికి మసి వదిలింది" అన్నారు.

ఆ స్విచ్చి మీద మమకారం ఎందుకో అప్పటికి తెలిసింది నాకు. అయినా తెలివి రాలేదనుకోండి. ఆ సంగతికే వస్తున్నాను.

మధ్యలో ఈ స్విచ్చి రూపం గురించి రెండు ముక్కలు. తిప్పే మీటలూ, రెండు బొత్తాల స్విచ్చిలూ అయ్యాక, ఇప్పుడు మనకి తెలిసిన పైకీ కిందికీ ఆడే పుల్ల స్విచ్చిని 1917లో అమెరికాలో న్యూటన్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు తయారు చేశారు. (ఆ న్యూటన్ వేరు, యాపిల్ పండు న్యూటన్ కాడు.) మా ఇంటి గోధుమరంగు మూతలు బేకలైటువి. 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన ఆ పదార్థం కరెంటుని దాటనివ్వదు, వేడికి కరగదు. అమెరికాలో స్విచ్చి పైకి కొడితే లైటు వెలుగుతుంది. ఇంగ్లండులోనూ మన దేశంలోనూ కిందికి కొడితే వెలుగుతుంది. మా అబ్బాయి సెలవులకి వచ్చిన మొదటి రెండు రోజులూ ప్రతి గదిలోనూ తడబడతాడు. తిరిగి వెళ్ళాక అక్కడా రెండు రోజులు తడబడతాడట. చేతికి కూడా ఒక మాతృభాష వుంటుంది కాబోలు.

ఇంకో పేరు చెప్పకుండా దాటలేను. 1924లో ఇంగ్లండులో ఆడవాళ్ళు కరెంటు సంఘం ఒకటి పెట్టుకున్నారు. దాని సూత్రధారి కెరొలీన్ హాస్లెట్ అనే ఇంజనీరు. కరెంటుతో ఇంట్లో చాకిరీ తగ్గించుకోవడం, ఫ్యూజు వేసుకోవడం, జాగ్రత్తలు తీసుకోవడం ఆడవాళ్ళకి నేర్పారు. రెండో ప్రపంచయుద్ధం జరుగుతుండగా, యుద్ధం అయ్యాక కట్టే ఇళ్ళలో వైరింగు ఎలా వుండాలో చెప్పమని ఇరవై మందితో ఒక సంఘం వేస్తే అందులో ఏకైక స్త్రీ ఆవిడే. ఆ సంఘం పని నుంచి పుట్టిన ఇంగ్లీషు మూడు కాళ్ళ ప్లగ్గుకి, చిన్నపిల్లలు కన్నాల్లో వేలో పుల్లో పెట్టకుండా లోపల చిన్న తలుపులు వచ్చాయి. మన గుండ్రటి కాళ్ళ ప్లగ్గు అంతకంటే పాత ఇంగ్లీషు పద్ధతి. వాళ్ళు ఇళ్ళల్లో దాన్ని దాదాపు వదిలేశారు, మనం వదల్లేదు.

"స్మార్టు" అనేది నిన్న మొన్నటి మాట అనుకున్నాను, అదీ కాదు. 1969లో అమెరికాలో ఒక ఖరీదైన అంగడి జాబితాలో హనీవెల్ కంపెనీ వారి వంటింటి కంప్యూటరు పెట్టారు. ధర 10,600 డాలర్లు. వంటకాలు గుర్తుపెట్టుకుంటుందట. దాంతో మాట్లాడాలంటే ఆ ఇల్లాలు రెండు వారాలు శిక్షణ తీసుకుని, దీపాల వరసలు చూసి అంకెలు చదువుకోవాలి. ఒక్కటి కూడా అమ్ముడుపోయిన దాఖలా లేదు. పప్పులో ఉప్పెంతో తెలుసుకోవడానికి రెండు వారాల చదువా! ఆ తర్వాత 1975లో స్కాట్లండులో ఒక కంపెనీవారు ఎక్స్-10 అనే పద్ధతి తయారు చేశారు. కొత్త తీగలేవీ లాగకుండా, ఇంట్లో వున్న కరెంటు తీగల మీదనే సంకేతాలు పంపి ఇంకో గదిలో లైటు వెయ్యడం, తియ్యడం. అంటే మంచం మీదినుంచి హాల్లో లైటు తీసే ఆలోచన మన ఎమర్జెన్సీ రోజుల నాటిదన్నమాట. ఎల్.ఇ.డి. బల్బులు వచ్చాక పని మరీ తేలికయింది. మనకి 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద దేశమంతా 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. పాత అరవై క్యాండిల్ బల్బు ఇచ్చే వెలుతురు ఇప్పుడు తొమ్మిది వాట్లకే వస్తోంది. బల్బు లోపలే రేడియో అమర్చి, రంగులు కూడా మార్చుకునే దీపాలు 2012లో బజారులోకి వచ్చాయి.

అలాంటివే మూడు మా అబ్బాయి అక్కడినుంచే ఆర్డరు పెట్టి ఇంటికి తెప్పించాడు. వైరింగు మొదలుపెట్టే ముందు చూసుకోండి, నచ్చితే ఇల్లంతా పెడదాం అన్నాడు. ఒకటి హాల్లో, ఒకటి వీధి వరండాలో, ఒకటి అత్తగారి గదిలో. నోటితో చెబితే వినడానికి ఒక చిన్న డబ్బా.

మొదటి వారం తమాషాగానే గడిచింది. డబ్బాకి తెలుగు రాదు. అత్తగారికి "లైట్స్ ఆన్" అనడం నేర్పాం. ఆవిడ "లైట్సానమ్మా" అని మర్యాదగా అడిగేవారు. ఒక్కోసారి వినేది. అసలు ఇబ్బంది ఆర్పేటప్పుడు. ఆవిడ నోట దీపం "ఆర్పు" అన్న మాట రాదు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళూ అనరు కదా? దీపం కొండెక్కింది అంటారు, దీపం ఘనం చెయ్యి అంటారు. మా హైదరాబాదు వియ్యపురాలైతే లైటు బంద్ చెయ్యి అంటుంది. "అమ్మా, దీపం ఘనం చెయ్యి" అని అత్తగారు చేతులు జోడించినంత పని చేస్తే, డబ్బా క్షమించమని ఇంగ్లీషులో చెప్పి వూరుకునేది. ఒక రాత్రి రెండింటికి కరెంటు పోయి వచ్చింది. రాగానే మూడు బల్బులూ పూర్తి వెలుగుతో ఫెళ్ళున వెలిగాయి. దొంగలు పడ్డారనుకుని మా వారు చీపురుకర్ర పట్టుకుని హాల్లోకి వచ్చారు.

రెండో వారంలో అసలు చిక్కు బయటపడింది. గోడ స్విచ్చి వేసి వుంటేనే ఈ బల్బుకి ప్రాణం. అత్తగారు అరవయ్యేళ్ళ అలవాటు ప్రకారం పడుకోబోయే ముందు స్విచ్చి తీసేసేవారు. దాంతో ఫోనుకీ అందదు, డబ్బాకీ అందదు. "మామ్మని స్విచ్చి ముట్టుకోవద్దని చెప్పమ్మా" అన్నాడు మా అబ్బాయి. చెప్పాను. ఆవిడ చెయ్యి వినలేదు. నాలుగు రోజులు చూసి నేనే ఆ స్విచ్చికి అడ్డంగా ప్లాస్టిక్ టేపు రెండు చుట్లు అంటించాను. ఎవరో కాదు, నేనే. పాత హోటళ్ళ బోర్డుల గురించి నవ్వుకుంటూ మీకు చెప్పిన నేనే.

ఆ శనివారం రాత్రి ఇంటర్నెట్టు పోయింది. మాకెవరికీ తెలీదు, నిద్రపోతున్నాం. పదింటికి దానంతటది ఆరిన ఆవిడ గది లైటు, రెండున్నరకి ఆవిడ లేచి ఎన్నిసార్లు అడిగినా వెలగలేదు. గోడ తడుముకుంటూ వెళ్ళి టేపు గోళ్ళతో గీకారు, వూడలేదు. చీకట్లోనే బాత్‌రూము వైపు నడిచి గడప తట్టుకుని కూలబడ్డారు. అయిదింటికి నేను కాఫీ కోసం లేచేసరికి గోడకి జేరబడి కూర్చుని వున్నారు. మణికట్టు వాచింది. రెండున్నర గంటలు అలా కూర్చున్నారు, ఒక్క కేక వెయ్యలేదు.

"పిలవకూడదుటండీ!" అన్నాను, ఏడుపూ కోపమూ కలిసి.

"నా ఇంట్లో నేను దీపం వేసుకోడానికి ఇంతమందిని లేపాలిటే?" అన్నారు.

ఎముక విరగలేదు, అదొక్కటే భాగ్యం. పది రోజులు కట్టుతో వున్నారు. ఆ పది రోజులూ నేను అన్నం కలిపి పెడుతుంటే ఆవిడేమీ అనలేదు, టేపు మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని నాకు అనిపించేది.

మా అబ్బాయి ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంటర్నెట్టు పోయినా పనిచేసేవి వుంటాయమ్మా, నేను సరిగ్గా చూడలేదు" అన్నాడు. వాడి తప్పేముంది, వాడు అంత దూరాన వుండి మామ్మ పడిపోకూడదనే కదా ఇదంతా చేసింది.

ఇక వైరింగు మొదలుపెట్టాక కరెంటు పని అబ్బాయి, నేను, అత్తగారు ముగ్గురం కూర్చుని తేల్చుకున్నాం. అన్ని గదుల్లోనూ మామూలు స్విచ్చిలే. అత్తగారి మంచం పక్కన, చెయ్యి చాపితే అందేటట్టు ఒక స్విచ్చి, తలుపు దగ్గర ఒకటి. రెంటిలో దేంతోనైనా అదే లైటు వెయ్యొచ్చు, తియ్యొచ్చు. మెట్లకి కింద ఒకటి పైన ఒకటి పెడతారే, ఆ టూవే పద్ధతి. ఎప్పుడో మా మామగారి కాలంలోనే పెట్టించుకోగలిగింది, మాకెవరికీ తట్టలేదు. మంచానికీ బాత్‌రూముకీ మధ్య మోకాలెత్తున రెండు చిన్న దీపాలు, మనిషి కదలిక పసిగట్టి వెలిగేవి. వాటికి ఇంటర్నెట్టు అక్కర్లేదు, ఎవరితో చెప్పక్కర్లేదు. ఆవిడకి అవి బాగా నచ్చాయి. "మిణుగురుల్లా వున్నాయే" అంటారు.

మా అబ్బాయి మాట కూడా పూర్తిగా తీసెయ్యలేదు. హాలుకీ, వీధి వరండాకీ స్విచ్చి వెనక పెట్టెలో ఒక చిన్న బిళ్ళ అమర్చారు. దాంతో చేత్తోనూ పనిచేస్తుంది, ఫోనుతోనూ పనిచేస్తుంది, ఇంటర్నెట్టు పోతే మామూలు స్విచ్చిలా వుంటుంది. మేం వూరెళ్ళినప్పుడు వరండా లైటు రోజూ వెలిగితే మంచిదే కదా. దానికి స్విచ్చి పెట్టెలోకి న్యూట్రల్ తీగ కూడా రావాలన్నాడు ఆ అబ్బాయి. కొత్త వైరింగులో అన్ని బోర్డులకీ లాగించేశాం. మీరెవరైనా వైరింగు మార్పిస్తుంటే ఇప్పుడేం పెట్టినా పెట్టకపోయినా ఆ తీగ మాత్రం లాగించుకోండి, తర్వాత గోడలు పగలగొట్టే బాధ వుండదు. ఆ బల్బుల ఖర్చు కూడా లెక్క కట్టాను. వెలగకుండా, పిలుపు కోసం ఎదురుచూస్తూ వుండే స్మార్టు బల్బు అర వాటు దాకా తాగుతుంది. రోజుకి అయిదు గంటలు వెలిగే తొమ్మిది వాట్ల బల్బుకి ఏడాదికి పదహారు యూనిట్ల పైచిలుకు అయితే, మిగతా పందొమ్మిది గంటల ఈ ఎదురుచూపుకే మూడున్నర యూనిట్లు. ఒక బల్బుకి ఫరవాలేదు, ఇంటికి ఇరవై బల్బులుంటే గుర్తుంచుకోవాల్సిందే.

పాత గోధుమరంగు స్విచ్చిని వూడదీసేటప్పుడు అత్తగారు పక్కనే నిలబడ్డారు. ఏడుస్తారేమోనని భయపడ్డాను. "లోపల ఏముంది నాయనా, చూడనీ" అన్నారు. ఆ అబ్బాయి మూత విప్పి చూపించాడు. ఇత్తడి నాలుకలు, వాటి కింద స్ప్రింగు, నల్లబడ్డ మచ్చలు రెండు. నేను హోమ్స్ గారి కథ చెప్పాను. శ్రద్ధగా విని, "వేసినప్పుడల్లా చెయ్యి విదిలించినట్టుండేది, ఇదా!" అన్నారు. అంతే.

ఇప్పుడు వరండా లైటు సాయంత్రం ఆరుంబావుకి దానంతటది వెలిగేటట్టు మా అబ్బాయి అక్కడినుంచే ఏర్పాటు చేశాడు. అత్తగారు మాత్రం రోజూ ఆరుకి అయిదు నిమిషాలుండగానే కాళ్ళు కడుక్కుని, చేతికర్ర ఆనించుకుంటూ వచ్చి, స్విచ్చి తనే వేసి, వెలిగిన దీపానికి దండం పెట్టుకుని వెళ్ళిపోతారు. ఆరుంబావుకి ఆ యంత్రం వచ్చి చూసేసరికి దానికి పనేమీ వుండదు.